మైండ్‌హంటర్, క్రిమినల్ మైండ్స్, హానిబల్: సీరియల్ కిల్లర్ సిరీస్‌లలో మీకు సరిపోయేది ఏది?

మైండ్‌హంటర్ గురించి ఎవరిని అడిగినా రెండు జవాబుల్లో ఒకటి వస్తుంది. "ఇంత మంచి క్రైమ్ సిరీస్ మళ్ళీ చూడలేదు" అంటారు కొందరు. "రెండు ఎపిసోడ్లు చూశాను, కూర్చుని మాట్లాడుకోవడం తప్ప ఏమీ జరగట్లేదు, ఆపేశాను" అంటారు ఇంకొందరు. క్రిమినల్ మైండ్స్ మీద మాట వేరు. ఏళ్ళ తరబడి దాన్నే తిప్పి తిప్పి చూసేవాళ్ళున్నారు, "అన్ని ఎపిసోడ్లూ ఒకేలా ఉంటాయి" అని వదిలేసినవాళ్ళూ ఉన్నారు. హానిబల్ అయితే కొందరికి ప్రాణం, కొందరు మొదటి ఎపిసోడ్ కూడా పూర్తిగా చూడలేరు.

ఈ అభిప్రాయాల్లో అబద్ధం ఏదీ లేదు. మూడూ సీరియల్ కిల్లర్ల మనసు చదివే ఎఫ్‌బీఐ వాళ్ళ కథలే అయినా, ఒకదానిలో దొరికేది ఇంకోదానిలో దొరకదు. అందుకే "ఏది ఎక్కువ భయపెడుతుంది" అని, "దేనికి రేటింగ్ ఎక్కువ" అని చూసి ఎంచుకుంటే నిరాశ పడే అవకాశం ఎక్కువ. నేను అడగమనేది వేరే ప్రశ్న: ఈ సిరీస్ ప్రొఫైలింగ్‌ని ఎంత నమ్ముతోంది? దానికి జవాబు తెలిస్తే మీకు ఏది నచ్చుతుందో చాలావరకు తేలిపోతుంది.

ప్రొఫైలింగ్ అంటే నేరం జరిగిన చోటు, చంపిన తీరు, బాధితులు ఎలాంటివాళ్ళన్నది చూసి, ఆ పని చేసినవాడి వయసు, స్వభావం, అలవాట్లు అంచనా వేయడం. ఎఫ్‌బీఐ 1972లో వర్జీనియా రాష్ట్రంలోని క్వాంటికోలో బిహేవియరల్ సైన్స్ యూనిట్ మొదలుపెట్టింది. 70ల చివర్లో అక్కడి ఏజెంట్లు రాబర్ట్ రెస్లర్, జాన్ డగ్లస్ జైళ్ళకి వెళ్ళి, శిక్ష అనుభవిస్తున్న హంతకులతో గంటల తరబడి మాట్లాడారు. వాళ్ళు అడిగేవాటికి ఒక పద్ధతి, క్రమం ఏర్పడటానికి కారణం ఆన్ బర్జెస్ అనే నర్సింగ్ ప్రొఫెసర్. అత్యాచార బాధితుల మీద అంతకుముందే ఆమె ముఖ్యమైన పరిశోధన చేసి ఉన్నారు. అలా 36 మంది హంతకుల మీద చేసిన అధ్యయనం మీదే ఆ తర్వాతి ప్రొఫైలింగ్ చాలావరకు నిలబడింది.

అది ఎంతవరకు సైన్స్ అన్న ప్రశ్న మాత్రం ఇప్పటికీ ఉంది. హంతకుల్ని "పద్ధతిగా చంపేవాళ్ళు", "పద్ధతి లేకుండా చంపేవాళ్ళు" అని ఎఫ్‌బీఐ రెండుగా విడదీసింది. బ్రిటన్‌కి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ కాంటర్, ఆయన బృందం అమెరికాలోని 100 మంది సీరియల్ కిల్లర్ల హత్యల్ని పరిశీలించి, అలా స్పష్టంగా రెండు రకాలు కనిపించడం లేదని 2004లో తేల్చారు. సిరీస్‌లు చూసేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకుంటే మంచిది, ఎందుకంటే ఒక్కో సిరీస్ ఈ సందేహాన్ని ఒక్కోలా చూస్తుంది.

క్రిమినల్ మైండ్స్: అనుమానమే లేని నమ్మకం

ఇక్కడ ప్రొఫైల్ పనిచేస్తుంది. దాదాపు ప్రతి వారం పనిచేస్తుంది. ఎక్కడో హత్యలు జరుగుతాయి, టీమ్ జెట్ ఎక్కుతుంది, స్థానిక పోలీసులందరినీ నిలబెట్టి "మనం వెతుకుతున్నవాడు ఇలాంటివాడు" అని చెబుతారు, టీమ్‌లో కంప్యూటర్ పని చూసే గార్సియా వెతికి పేరు పట్టిస్తుంది, చివరి నిమిషాల్లో తలుపు బద్దలవుతుంది. అమెరికా టీవీ ఛానెల్ సీబీఎస్‌లో 2005 సెప్టెంబర్ నుంచి 2020 ఫిబ్రవరి దాకా 15 సీజన్లు, 324 ఎపిసోడ్లు ఇలాగే నడిచింది.

దీన్ని చిన్నచూపు చూసేవాళ్ళతో నేను ఏకీభవించను. రోజంతా పని చేసి వచ్చి, రాత్రి భోజనం అయ్యాక నలభై నిమిషాల్లో ఒక కథ మొదలై, ముగిసి, నేరస్థుడు దొరికిపోవాలని కోరుకోవడం తప్పేమీ కాదు. పైగా అభిమానులు ఇన్నేళ్ళు అంటిపెట్టుకున్నది హంతకుల కోసం కాదు, టీమ్ కోసం. టీమ్‌లో చిన్నవాడైన స్పెన్సర్ రీడ్‌ని తమ్ముడిలా చూసుకునే ప్రేక్షకులు ఉన్నారు. ఏజెంట్ మోర్గాన్, గార్సియా ఫోన్‌లో మాట్లాడుకునే నాలుగు మాటల కోసమే ఎపిసోడ్ చూసేవాళ్ళున్నారు. మొత్తం 324 చూడక్కర్లేదు. నచ్చుతుందో లేదో తెలుసుకోవడానికి రెండో సీజన్‌లో రీడ్ కిడ్నాప్ అయ్యే రెండు ఎపిసోడ్ల కథ, ఐదో సీజన్‌లో టీమ్ లీడర్ హాచ్ కుటుంబం చుట్టూ తిరిగే నూరో ఎపిసోడ్, అదే సీజన్‌లో తప్పిపోయిన పిల్లల మీద వచ్చిన "మోస్లీ లేన్" చాలు. ఆ చివరిదానిలో, తన కొడుకు ఇంకా బతికే ఉన్నాడని ఏళ్ళుగా నమ్ముతున్న తల్లిని చూసి కళ్ళు చెమర్చకపోతే ఈ సిరీస్ మీకోసం కాదు.

అయితే దీనిమీద ఉన్న ఫిర్యాదు కూడా బలమైనదే. వారానికో కొత్త హంతకుడు కావాలంటే, వారానికో కొత్త చిత్రహింస కావాలి. సీజన్లు పెరిగేకొద్దీ ఆ క్రూరత్వం అతిగా మారిందని చూసినవాళ్ళే చెబుతారు. బాధితుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళు, వాళ్ళు భయంతో అరిచే సీన్‌తో ఎపిసోడ్ మొదలవడం మామూలైపోయింది. సీనియర్ ప్రొఫైలర్ గిడియన్ పాత్ర వేసిన మాండీ పటింకిన్ మూడో సీజన్ మొదట్లోనే వెళ్ళిపోయారు. ఈ సిరీస్ ఒప్పుకోవడం తాను బయట ప్రపంచానికి తెలిసేలా చేసిన అతి పెద్ద తప్పని, అది తన మనసుని దెబ్బతీసిందని 2012లో ఒక పత్రిక ఇంటర్వ్యూలో చెప్పారు. ముఖ్య పాత్రధారే అలా అన్నాడంటే, వరసపెట్టి పది ఎపిసోడ్లు చూస్తే మనకి ఎలా ఉంటుందో ఆలోచించుకోవాలి. ఇది రోజుకొకటి చూడాల్సిన సిరీస్, అంతకుమించి వద్దు.

2022 నవంబర్‌లో పారామౌంట్ ప్లస్ ఓటీటీలో "ఎవల్యూషన్" పేరుతో తిరిగి మొదలైంది. సీజన్ అంతా ఒకే కథ, బూతులు, చీకటి ఎక్కువ. రీడ్ లేకుండా మొదలవడం పాత అభిమానులకి పెద్ద లోటు. కొత్తవాళ్ళు దీనితో మొదలుపెట్టకపోవడమే నయం, పాత పాత్రల బరువు తెలియకపోతే సగం సీన్లు తేలిపోతాయి.

మైండ్‌హంటర్: నమ్మాలని ఉంది, కానీ

నెట్‌ఫ్లిక్స్‌లో 2017 అక్టోబర్‌లో మొదటి సీజన్ వచ్చింది, 10 ఎపిసోడ్లు. 2019 ఆగస్టులో రెండోది, 9 ఎపిసోడ్లు. జాన్ డగ్లస్, మార్క్ ఓల్షేకర్ కలిసి రాసిన పుస్తకం దీనికి ఆధారం. జో పెన్‌హాల్ రూపొందించాడు, డేవిడ్ ఫించర్ నిర్మాతల్లో ఒకడు, కొన్ని ఎపిసోడ్లకి దర్శకుడు కూడా. సిరీస్‌లోని ఏజెంట్ హోల్డెన్ ఫోర్డ్ పాత్రకి మూలం డగ్లస్, అతని జోడీ బిల్ టెంచ్‌కి రెస్లర్, ప్రొఫెసర్ వెండీ కార్‌కి ఆన్ బర్జెస్. హంతకులకి మాత్రం అసలు పేర్లే ఉంటాయి.

ఇందులో తుపాకీ పేలుళ్ళు, వెంటాడటాలు దాదాపు లేవు. ఉన్నది ఒక గది, ఒక బల్ల, ఒక టేప్ రికార్డర్. కాలిఫోర్నియాలో 1970ల మొదట్లో ఆరుగురు అమ్మాయిల్ని, తర్వాత తల్లిని, ఆమె స్నేహితురాలిని చంపిన ఎడ్ కెంపర్ ఆరడుగుల తొమ్మిది అంగుళాల మనిషి. ఆ పాత్రలో కామెరాన్ బ్రిటన్ మెల్లగా, మర్యాదగా, పక్కింటివాడిలా మాట్లాడతాడు. అరవడు, బెదిరించడు. గార్డులతో స్నేహంగా ఉంటాడు. అది చూస్తుంటే కలిగే టెన్షన్ ఏ రక్తపు సీన్‌లోనూ రాదు. అసలు కెంపర్ ఇచ్చిన ఇంటర్వ్యూల వీడియోలు చూసినవాళ్ళకి ఆ గొంతు, ఆ ఆగి ఆగి మాట్లాడటం ఎంత దగ్గరగా పట్టుకున్నాడో తెలుస్తుంది.

ఎక్కువమంది చెప్పే "స్లో" అన్న మాటకి నా సమాధానం ఇది: సిరీస్ నెమ్మదిగా నడుస్తుంది, నిజమే, కానీ ఆ నెమ్మదిలో ఒక మార్పు జరుగుతూ ఉంటుంది. హంతకులతో మాట్లాడి మాట్లాడి హోల్డెన్ వాళ్ళలా మాట్లాడటం నేర్చుకుంటాడు. నిందితుడి దగ్గర నిజం రాబట్టడానికి, చనిపోయిన అమ్మాయి గురించి ఆ హంతకుడికి నచ్చేలా నీచంగా మాట్లాడతాడు. పని అవుతుంది, నిజం బయటికొస్తుంది. పక్కన కూర్చున్న టెంచ్ ముఖం చూస్తే మాత్రం ఏదో పోగొట్టుకున్నట్టు ఉంటుంది. ఆ సీన్ల కోసమే నేను దీన్ని మిగతావాటికంటే ఎత్తులో పెడతాను. గెలుపు చూపిస్తూనే అది ఎంత ఖర్చు పెట్టిస్తుందో చూపించే సిరీస్‌లు తక్కువ.

రెండో సీజన్ ఇంకా కఠినమైనది. 1979 నుంచి 1981 వరకు జార్జియా రాష్ట్రంలోని అట్లాంటాలో నల్లజాతి పిల్లలు, యువకులు వరసగా హత్యకి గురయ్యారు, కనీసం 28 మంది. చేసినవాడు కూడా నల్లజాతి యువకుడే అయి ఉంటాడని హోల్డెన్ ప్రొఫైల్ చెబుతుంది. తల్లులు నమ్మరు. వాళ్ళ అనుమానం తెల్ల జాత్యహంకారుల మీద, ఆ రాష్ట్ర చరిత్ర తెలిసినవాళ్ళెవరైనా వాళ్ళని తప్పు పట్టలేరు. చివరికి వేన్ విలియమ్స్ అనే నల్లజాతి యువకుడు దొరుకుతాడు. నిజ జీవితంలో 1982లో అతనికి శిక్ష పడింది ఇద్దరు పెద్దవాళ్ళ హత్యలకి మాత్రమే, పిల్లల హత్యల్లో ఏ ఒక్కదానికీ కోర్టులో తీర్పు రాలేదు. పోలీసులు చాలా కేసుల్ని అతని ఖాతాలో వేసి మూసేశారు. 2019లో అట్లాంటా మేయర్ కీషా లాన్స్ బాటమ్స్ ఆ సాక్ష్యాల్ని కొత్త పరీక్షలతో మళ్ళీ చూడమన్నారు. ఈ నేపథ్యం తెలిసి చూస్తే సీజన్ ముగింపు ఎందుకంత అసంతృప్తిగా ఉంచారో అర్థమవుతుంది. ప్రొఫైల్ సరైనదే కావచ్చు, అయినా ఆ తల్లులకి న్యాయం జరిగిందని ఎవరూ అనలేరు. దాన్ని అందంగా ముడివేసి చూపిస్తే అబద్ధం అయ్యేది.

లోపాలు లేవని కాదు. మొదటి సీజన్‌లో హోల్డెన్ ప్రేమకథ చాలామందికి అడ్డంగా అనిపిస్తుంది, నాకూ అంతే. రెండో సీజన్‌లో వెండీ పాత్రని కొన్ని ఇంటర్వ్యూల తర్వాత మళ్ళీ ఆఫీసులో కూర్చోబెట్టేశారు. ఆన్ బర్జెస్ చేసిన పనికి అది న్యాయం కాదు. బాధితులతో మాట్లాడి నేర్చుకున్నదాన్ని ఆమె ఆ ఏజెంట్లకి అందించారు. సిరీస్‌లో బాధితుల వైపు నుంచి వచ్చిన ఆ జ్ఞానం దాదాపు కనిపించదు. ఆమె గురించి సరిగ్గా తెలుసుకోవాలంటే 2024లో హులు ఓటీటీలో వచ్చిన "మాస్టర్‌మైండ్" డాక్యుమెంటరీ చూడండి.

అందరికీ బాధ కలిగించే సంగతి ఇంకోటి. ఇది పూర్తికాని సిరీస్. ఎపిసోడ్ల మొదట్లో కాన్సస్ రాష్ట్రంలో ఒక మీసాల మనిషి కనిపిస్తూ ఉంటాడు, విచితా ప్రాంతంలో పది మందిని చంపిన డెన్నిస్ రేడర్ అతను. మూడో సీజన్ లేదు కాబట్టి ఆ దారం అక్కడే తెగిపోయింది. ఖర్చుకి తగినంతమంది చూడలేదు కాబట్టి ఇక రాదని ఫించర్ 2023లో స్పష్టంగా చెప్పాడు. అసలు రేడర్ దొరికింది 2005లో. తానే పంపిన ఫ్లాపీ డిస్క్‌లో చెరిపేసిన ఫైల్ వివరాలు అతని చర్చి పేరు బయటపెట్టాయి, డీఎన్ఏ దాన్ని ఖాయం చేసింది. పట్టించింది ప్రొఫైల్ కాదన్నమాట. సిరీస్ అక్కడిదాకా వెళ్ళి ఉంటే ఎంత గొప్పగా ఉండేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. ముగింపు లేని కథ చూడటం మీకు అస్సలు పడదంటే, ముందే తెలుసుకుని దిగండి. అట్లాంటా కథ మాత్రం రెండో సీజన్‌లోనే పూర్తవుతుంది.

హానిబల్: ప్రొఫైలర్‌నే తినేసే కథ

అమెరికా టీవీ ఛానెల్ ఎన్‌బీసీలో 2013 నుంచి 2015 వరకు మూడు సీజన్లు, 39 ఎపిసోడ్లు. థామస్ హారిస్ నవలల పాత్రల్ని తీసుకుని బ్రయాన్ ఫుల్లర్ చేశాడు. విల్ గ్రాహమ్ ప్రొఫైలర్, హంతకుడి స్థానంలో తనని ఊహించుకుని హత్యని మళ్ళీ జరిపి చూస్తాడు. అతని మానసిక స్థితిని చూసుకోవాల్సిన డాక్టరే హానిబల్ లెక్టర్. ఆ డాక్టర్ మనుషుల్ని చంపి తినేవాడని మనకి తెలుసు, విల్‌కి తెలీదు. మొత్తం టెన్షన్ అక్కడే ఉంది.

ఇది నిజానికి దగ్గరగా ఉండాలని ప్రయత్నించదు. పీడకలలా ఉంటుంది. శవాల్ని శిల్పాల్లా, పుట్టగొడుగుల తోటలా, వాయిద్యంలా పేర్చి చూపిస్తారు. వంట సీన్లు ఎంత అందంగా తీశారో, ఆ ప్లేటులో ఉన్నది ఏమిటో గుర్తొచ్చిన క్షణం కడుపులో అంత తిప్పుతుంది. అన్నం తింటూ చూడకండి. హానిబల్‌గా మాడ్స్ మికెల్సెన్, విల్‌గా హ్యూ డాన్సీ నటన కోసం, ఇద్దరి మధ్య స్నేహం మెల్లగా ఉచ్చులా బిగుసుకోవడం కోసం చూసేవాళ్ళకి ఇది అపురూపం. మొదటి సీజన్ తొలి సగం వారానికో కేసులా ఉంటుంది, అక్కడే ఆపేసినవాళ్ళు అసలు కథ చూడనట్టే. మూడో సీజన్ మొదటి సగం మాత్రం నాకు మరీ మత్తుగా, మాటలు పొగలా అనిపించింది. పోలీసు పని ఎలా జరుగుతుందన్న ఆసక్తితో వచ్చేవాళ్ళకి ఇందులో ఏమీ దొరకదు.

ఇంకో రెండు, తక్కువ మంది చూసినవి

కొరియన్ డ్రామాలు అలవాటైనవాళ్ళకి నా మొదటి సలహా మైండ్‌హంటర్ కూడా కాదు, "త్రూ ద డార్క్‌నెస్". కొరియా టీవీ ఛానెల్ ఎస్‌బీఎస్‌లో 2022లో వచ్చింది, 12 ఎపిసోడ్లే. కొరియా తొలి ప్రొఫైలర్ క్వాన్ ఇల్-యోంగ్ అనుభవాల పుస్తకం ఆధారం. కిమ్ నామ్-గిల్ వేసిన సాంగ్ హా-యంగ్ తక్కువ మాట్లాడే మనిషి. పై అధికారులు ప్రొఫైలింగ్‌ని పనికిరాని పని అనుకునే రోజుల్లో, పాడుబడిన గదిలో పెట్టిన చిన్న టీమ్‌లో పనిచేస్తాడు. ఇందులో హంతకుల పేర్లు మార్చారు, కానీ సోల్‌లో 2000ల మొదట్లో జరిగిన నిజమైన వరస హత్యలే వెనక ఉన్నాయి. హింస తెరమీద తక్కువ, కొరియా టీవీలో కత్తుల్ని కూడా మసకగా చూపించడం మామూలే. ఇది నాకు నచ్చిన కారణం హా-యంగ్ చనిపోయినవాళ్ళ ఇళ్ళకి వెళ్తాడు, వాళ్ళవాళ్ళ ముందు కూర్చుంటాడు. హంతకుడితో మాట్లాడేటప్పుడు అతని గొప్పలు వినడానికి ఒప్పుకోడు. క్రిమినల్ మైండ్స్‌లోని హింస, మైండ్‌హంటర్‌లోని చల్లదనం రెండూ వద్దనుకునేవాళ్ళకి ఇది సరిపోతుంది.

"మ్యాన్‌హంట్: యూనాబాంబర్" 2017లో డిస్కవరీలో వచ్చిన 8 ఎపిసోడ్ల కథ. 1978 నుంచి 1995 దాకా పోస్టులో బాంబులు పంపి, కొన్నిచోట్ల తానే పెట్టి ముగ్గుర్ని చంపిన, యూనాబాంబర్‌గా పేరుపడిన టెడ్ కజిన్‌స్కీని, అతని రాత తీరు ఆధారంగా పట్టుకోవడం ఇందులో విషయం. 1995 సెప్టెంబర్‌లో వాషింగ్టన్ పోస్ట్ అతని సుదీర్ఘ వ్యాసాన్ని అచ్చువేయడం, అది చదివిన తమ్ముడు డేవిడ్ అన్న రాతని గుర్తుపట్టడం నిజంగా జరిగినవే. భాష మీద ఇష్టం ఉన్నవాళ్ళు తప్పక చూడాలి. ఒక్క ఏజెంటే అంతా చేసినట్టు చూపించడం మాత్రం అతి, చాలామంది పనిని ఒక పాత్రలో కుదించారు.

ఇక ఎంచుకోవడం

ఇంట్లో అందరూ కలిసి హాల్లో చూసేవాటిలో త్రూ ద డార్క్‌నెస్ ఒక్కటే కాస్త సురక్షితం, అదీ పెద్దపిల్లలతో. మైండ్‌హంటర్ మొదటి సీజన్‌లో పడకగది సీన్లు ఉన్నాయి, హంతకులు మాట్లాడే మాటలు ఇంకా ఇబ్బంది పెడతాయి. అమ్మానాన్నల పక్కన కూర్చుని చూడటం కష్టం. హానిబల్ పిల్లలకి ఏ రకంగానూ పనికిరాదు.

ఒంటరిగా ఉంటూ, రాత్రిళ్ళు నిద్ర తేలిగ్గా చెదిరేవాళ్ళు క్రిమినల్ మైండ్స్‌కి దూరంగా ఉండటం మంచిదని నా అభిప్రాయం. ఇళ్ళలోకి చొరబడే కథలు ఎక్కువ, లైటు ఆపాక అవే గుర్తొస్తాయి. మైండ్‌హంటర్‌లో చూపించే హింస చాలా తక్కువ, కానీ విన్న మాటలు రెండు మూడు రోజులు వెంటాడతాయి. మీకు ఏ భయం తట్టుకోవడం తేలికో మీకే తెలుస్తుంది.

మైండ్‌హంటర్ మాటల సిరీస్ కాబట్టి ఫోన్ చూసుకుంటూ చూస్తే ఏమీ మిగలదు, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. కెంపర్ వచ్చేది రెండో ఎపిసోడ్‌లో, అదయ్యాకే వదలాలా వద్దా అన్నది నిర్ణయించుకోండి. మొదటి ఎపిసోడ్ చూసి ఆపేసినవాళ్ళకి ఈ మాట మరీ మరీ చెబుతాను.

ప్రొఫైలింగ్ మీద నిజమైన ఆసక్తి ఉండి, సమయం కూడా ఉంటే మొదట మైండ్‌హంటర్ రెండు సీజన్లు, వెంటనే త్రూ ద డార్క్‌నెస్ చూడండి. అమెరికాలో 70ల చివర్లో మొదలైన పద్ధతిని, రెండు దశాబ్దాల తర్వాత ఇంకో దేశంలో ఒక పోలీసు తన చుట్టూ ఎవరూ నమ్మని చోట ఎలా మొదలుపెట్టాడో పక్కపక్కన కనిపిస్తుంది. క్రిమినల్ మైండ్స్ వీటి తర్వాత చూసినా పర్వాలేదు, ముందే చూసి ఉంటే మాత్రం మైండ్‌హంటర్‌కి వచ్చేటప్పుడు "దొరికేశాడు" అన్న తృప్తి ప్రతి గంటకీ వస్తుందని ఎదురుచూడకండి. హానిబల్‌ని ఈ వరసలో పెట్టకుండా విడిగా, మనసు కాస్త తేలిగ్గా ఉన్న వారంలో మొదలుపెట్టండి.